దానిమ్మ రంగు, లాట్ నంబర్ 417

సరుకుల లిఫ్టు ఒకసారి దగ్గి, ఇంకోసారి మూలిగి, రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. ఆగక ఏం చేస్తుంది, నెలనెలా వచ్చి ఇనపతాళ్ళు చూసి, గ్రీజు పూసి, టీ తాగి వెళ్ళే మెకానిక్కును మాన్పించి ఏడు నెలలయింది, లిఫ్టు బాగానే ఉంది కదండీ, బాగున్నదాన్ని బాగుచేయడానికి మనిషెందుకండీ అంటూ కొత్తగా వచ్చిన మేనేజరు, అదే, బాణాలాయన, ఆ రోజు తెల్లబోర్డు మీద 'లిఫ్టు' అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టి, ఆ సున్నాలోంచి ఒక బాణం లాగి, బాణం కొసన 'పొదుపు' అని రాశాడు, ఇదిగో ఆ పొదుపులోనే ఇప్పుడు అక్క నిలబడి ఉంది, ఎదురుగా ఒక తోపుడుబండి, బండి మీద రెండు ప్లాస్టిక్ డబ్బాలు, నెత్తిమీద ఈగల మరకలతో ఒక బల్బు. పై అంతస్తు నేల సరిగ్గా ఆమె గడ్డం ఎత్తున ఆగింది. కటకటాల తలుపును పైనుంచి ఎలాగో తోసి తెరిచారు గానీ, ఆ నేలకీ లిఫ్టు కప్పుకీ మధ్య మిగిలింది మూరెడు సందు, అందులోంచి పై హాల్లో తిరిగే కాళ్ళు తప్ప మనుషులు కనిపించరు. మూరెడు సందులోంచి యాభై రెండేళ్ళ మనిషి, అందులోనూ ఈ ఒళ్ళున్న మనిషి, పైకి పాకడమనేది జరిగే పని కాదు. మెకానిక్కు గంటలో వస్తానన్నాడట. మాన్పించినవాళ్ళు పిలిస్తే గంటలో వస్తాననడమే వాడి మంచితనం, తనైతే రేపు చూద్దాంలెండి అనేది.

పైన అందరూ ఆమె కోసమే ఎదురు చూస్తున్నారు, అంటే ఆమె కోసం కాదు, ఈ రెండు డబ్బాల కోసం. ఆరు నెలలుగా సాగుతున్న మహాయజ్ఞంలో మిగిలిన ఆఖరి సమిధలు ఇవే, దానిమ్మ రంగు ఊలు, లాట్ నంబర్ 417, నలభై ఆరు ఉండలు. ఇవి పైకి వెళ్ళగానే వీటి కాగితపు పట్టీలు చింపేస్తారు, దుకాణం పేరున్న కొత్త పట్టీలు చుడతారు, మిగతా దానిమ్మ ఊలంతా పోసి ఉన్న పెద్ద తొట్టెలో వీటినీ గుమ్మరిస్తారు, ఆ తర్వాత బ్రహ్మదేవుడొచ్చినా ఏది ఏ లాటో చెప్పలేడు. చెప్పగలిగినది ఒక్క మనిషి కన్ను. ఆ కన్నే ఇప్పుడు లిఫ్టులో ఇరుక్కుని బల్బును చూస్తోంది. గోడౌన్లో పనిచేసే పదకొండు మందికీ, సరుకు దించే డ్రైవర్లకీ, ఆఖరికి తనకంటే నాలుగేళ్ళు పెద్దదైన టేపు పిన్నికి కూడా ఆమె అక్కే, నిజంగా అక్క మాత్రం ఒక్కడికే, ఈ దుకాణం యజమానికి. గడప, గల్లాపెట్టె ఏమీ లేని దుకాణం ఇది, కంప్యూటర్ తెర మీదే ఉంటుంది, ఊలు, దారాలు, పూసలు, గుండీలు, అల్లిక సూదులు, చేతిపని చేసుకునేవాళ్ళు ఇంట్లో కూర్చుని నొక్కితే ఇక్కణ్ణుంచి అట్టపెట్టెల్లో వెళతాయి. పదహారేళ్ళ కిందట తమ్ముడు తెర చూసుకున్నాడు, తను ఊలు చూసుకుంది. ఇప్పుడు తమ్ముడు బాణాలాయన్ని చూసుకుంటున్నాడు, బాణాలాయన మిగతా అందరినీ చూసుకుంటున్నాడు.

లాటంటే ఏమిటో ఆ మహానుభావుడికి ఆమె మూడుసార్లు చెప్పింది. ఊలుకు రంగు వేసేది తొట్టెల్లోనండీ, తొట్టెలో పట్టినంత ఊలుకే ఒకసారి రంగు పడుతుంది, ఆ విడతకో నంబరు, మళ్ళీ తొట్టె నింపితే నీళ్ళు మారతాయి, వేడి మారుతుంది, కలిపే చెయ్యి మారుతుంది, అదే పొడి అదే కొలత అయినా పిసరంత తేడా వచ్చి తీరుతుంది, మీ ఇంట్లో పొద్దున పెట్టిన టీ, సాయంత్రం పెట్టిన టీ ఒకే రంగులో ఉంటాయా? ఒక్కో ఉండనీ విడిగా చూస్తే తేడా పట్టదు, పక్కపక్కన పెట్టి అల్లితే గీత గీసినట్టు తెలిసిపోతుంది, అందుకేనండీ పట్టీ మీద రంగు పేరు కింద లాట్ నంబర్ అచ్చువేస్తారు, అందుకే అల్లేవాళ్ళు స్వెట్టర్‌కు కావలసిన పది ఉండలూ ఒకే లాట్‌లోవి ఏరుకుంటారు, అందుకే మన అరల్లో ఒక్కో లాట్‌కు వేరే డబ్బాలు. మూడుసార్లూ ఆయన తల ఊపాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, వాడు కనీసం ఏమిటలా కొరుకుతున్నావని అడిగాడట, ఈయన అదీ అడగలేదు. నాలుగో రోజున బోర్డు మీద పన్నెండు చిన్న డబ్బాలు గీసి, పన్నెండింటి నుంచి పన్నెండు బాణాలు తీసి, అన్నింటినీ తీసుకెళ్ళి ఒకే పెద్ద డబ్బాలో గుచ్చాడు. దానిమ్మ రంగు ఉండలు మన దగ్గర రెండు వందలున్నాయి సార్, కానీ ఒక్కో లాట్‌లో పదిహేనో నలభయ్యో ఉండబట్టి దుప్పటికని యాభై అడిగినవాళ్ళకి తెర మీద 'సరుకు లేదు' అని కనిపిస్తోంది, రెండు వందలు పెట్టుకుని లేదంటున్నాం సార్, ఇంతకంటే అన్యాయం ఉందా అన్నాడు. తమ్ముడు కుర్చీలో ముందుకు వంగాడు, వాడలా వంగాడంటే పని అయిపోయినట్టే, చిన్నప్పుడు మిఠాయి దుకాణం అద్దం మీదికి కూడా అలాగే వంగేవాడు.

అది ఒక్కటే అయితే పోనీలే అనుకునేది. సూదుల అరలు తీసుకెళ్ళి వీధి గుమ్మం పక్కన పెట్టించాడు, ఎక్కువగా అమ్ముడయ్యేవి గుమ్మానికి దగ్గరగా ఉండాలట, వానాకాలం వచ్చేసరికి ఉక్కు సూదులన్నీ తుప్పు పట్టి కూర్చున్నాయి, అప్పుడు వాటికి 'పాతకాలపు సొగసు' అని పేరు పెట్టి అమ్ముదామన్నాడు, అన్నాడండీ ఆ మాట, నవ్వు కోసం కాదు. ప్రతి పెట్టెలో ఒక చిన్న కత్తెర ఉచితమన్నాడు, ఆ కత్తెరకు తొడుగు లేదు, అది దారిపొడుగునా లోపల అటూ ఇటూ దొర్లి ఊలును కోసిపెట్టింది, ఊలు దుకాణం వాళ్ళు ఊలును ముక్కలు చేసి పంపడం ప్రపంచంలో ఎక్కడైనా ఉందా? ఉత్తరాలకు జవాబు రాసే అమ్మాయిని మాన్పించి యంత్రాన్ని పెట్టాడు. ఆ యంత్రం నర్సమ్మకు రాసిన జవాబు అక్క కాగితం మీద అచ్చు తీయించి పర్సులో పెట్టుకుంది, కోపం చల్లారుతుందేమోనని భయమేసినప్పుడల్లా తీసి చదువుకోవడానికి. ఆ నర్సమ్మ తొమ్మిదేళ్ళుగా కొంటోంది, డ్యూటీలో దొరికిన పది నిమిషాలూ అల్లుకుంటూ నాలుగు నెలలకొక స్వెట్టర్ పూర్తి చేస్తుంది, మొదట కలిపేసిన రంగుల్లో ఆకాశనీలం ఒకటి, ఆ తొట్టెలోంచి ఆమెకు పన్నెండు ఉండలు వెళ్ళాయి, ఫోటో పంపింది పాపం, ఒళ్ళంతా ఒక నీలం, ఎడమచెయ్యి ఇంకో నీలం. దానికి యంత్రం, మీ సృజన ప్రయాణంలో మేమూ భాగమైనందుకు ఎంతో ఆనందం, మాకు ఐదు నక్షత్రాలిస్తారా అని రాసింది. నర్సమ్మ ఒకే ముక్క రాసింది, ఇది చెయ్యా, గాయానికి కట్టిన కట్టా? ఆ తర్వాత ఏమీ కొనలేదు. తొమ్మిదేళ్ళ మనిషి. బాణాలాయన బోర్డు మీద ఆమె ఒక చుక్క, ఆ చుక్కను చెరపడానికి ఆయనకు గుడ్డ కూడా అక్కరలేదు, వేలు చాలు.

కాళ్ళు లాగుతున్నాయి. డబ్బాల మీద కూర్చుందామంటే ఊలు నలుగుతుంది, నలిగితే నలగనీ అనుకుంది, ఎలాగూ కాసేపట్లో గంగలో కలిసేదేగా, కానీ కూర్చోలేదు, బండి అంచున ఒక పక్కగా ఒరిగింది. అసలు తనకు ఈ లిఫ్టులో పనేమిటి, ఈ రెండు డబ్బాలూ పైన ఉండాల్సినవి కిందికెలా వెళ్ళాయి? ఆ సంగతి తల్చుకుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతోంది. నిన్న సాయంత్రం అందరూ వెళ్ళాక తనే దించింది, కింది అంతస్తులో ఖాళీ అట్టపెట్టెల వెనక దాచింది, ఈ వయసులో, పిల్లలు మామిడికాయలు దాచినట్టు. ఎందుకు? ఈ ఒక్క లాటైనా మిగలాలని. మిగిలితే? ఏమో, మిగిలితే మిగిలినట్టు. బాణాలాయనకు మిగతా తెలివి లేకపోయినా లెక్కపెట్టడంలో మాత్రం ఉంది, పదింటికల్లా రెండు డబ్బాలు తక్కువన్నాడు, తమ్ముడు అందరి ముందూ ఆమె వైపు తిరిగి, అక్కా, ఆ రెండు డబ్బాలు ఎక్కడున్నాయో తెచ్చెయ్యి అన్నాడు. ఎక్కడున్నాయో తెలుసా అనలేదు, ఎక్కడున్నాయో తెచ్చెయ్యి అన్నాడు. టేపు పిన్ని అప్పుడే పెట్టెకు టేపు లాగింది, ఆ చప్పుడుకు ఎవరూ ఆమె మొహం చూడకుండా పోయారు, పిన్ని చల్లగా ఉండాలి. దొంగతనానికి పోయినప్పుడు దగ్గొచ్చినట్టు, తెస్తుంటే లిఫ్టు కూడా ఆగింది.

సందులో కాళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఊలు హాల్లోకి చెప్పులు తేకూడదని తను పెట్టిన నియమం ఒక్కటే ఇంకా బతికి ఉంది, దుమ్ము ఊలును పట్టుకుంటే వదలదు, అందుకని అందరివీ వట్టి పాదాలో మేజోళ్ళో, బాణాలాయన మాత్రం బూట్ల మీద ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని చపచపమంటూ తిరుగుతాడు. టేపు పిన్ని పాదాలు వచ్చి ఆగాయి, చెయ్యి కిందికి దిగింది, చేతిలో నీళ్ళ సీసా. "గుండె దడగా ఉందా అక్కా?" "దడ కాదు పిన్నీ, మంట." పిన్ని పాదాలు వెళ్ళిపోయాయి. తర్వాత తమ్ముడి పాదాలు వచ్చాయి, రెండు అడుగులు దూరంగా నిలబడ్డాయి, దగ్గరికి రాలేదు, వాడికి పొద్దున్నుంచీ తన మొహం చూడ్డానికి మొహం చెల్లడం లేదు, లేదా తనకే వాడి మొహం. అప్పుడు చూసింది ఆ మేజోళ్ళు. ఎడమకాలికి కాఫీ రంగు, కుడికాలికి ముదురు ఆకుపచ్చ. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు మంది మధ్య తిరుగుతున్నాడు వీడు, ఒక్కరూ అనలేదు, యజమాని రెండు రంగులు తొడుక్కుంటే అది కొత్త ఫ్యాషనేమో అనుకుని ఉంటారు, లేదా నవ్వుకుని ఊరుకుని ఉంటారు. మరదలు బడి పంతులమ్మ, ఏడింటికల్లా బయల్దేరుతుంది, బట్టలు తీసిపెట్టే తీరిక ఆమెకు లేదు, పైగా తీసిపెట్టాలని ఆమెకు తెలియదు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు, అయినా ఆమెకే తెలియదు.

తమ్ముడికి ఎరుపు, ఆకుపచ్చ, కాఫీ రంగు, ఇటుక రంగు, వీటి మధ్య తేడా తెలియదు. పుట్టుకతోనే అంతే. ఈ సంగతి లోకంలో తెలిసినది ఇద్దరికే, వాడికీ తనకీ. వాడికి ఆరేళ్ళప్పుడు బడిలో చెట్టు బొమ్మకు ఆకులన్నీ ఇటుక రంగులో వేశాడు, మాస్టారు ఆ కాగితం ఎత్తి తరగతికంతా చూపించి, ఒరేయ్ మనవాడి చెట్టుకు తుప్పు పట్టిందర్రా అన్నాడు, ఆ సాయంత్రానికి వీడి పేరు తుప్పు అయిపోయింది, వారం రోజులు కడుపు నొప్పి పేరు చెప్పి బడి ఎగ్గొట్టాడు. పన్నెండేళ్ళ తను బ్లేడు తీసుకుని వాడి రంగు పెన్సిళ్ళకు గాట్లు పెట్టింది, ఎరుపుకు ఒకటి, ఆకుపచ్చకు రెండు, కాఫీ రంగుకు మూడు, వేలితో తడుముకో, ఎవరికీ చెప్పకు, అమ్మకి కూడా చెప్పకు అంది. అమ్మకు చెబితే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు, అయ్యో అని ఊరుకునేది, వీడి సంగతి ఎప్పుడో తేలిపోయేది. కానీ పన్నెండేళ్ళ పిల్లకు పరువు ప్రాణం కంటే పెద్దది. తర్వాత చొక్కాల కాలర్ల కింద గుర్తుగా దారపు ముడులు వేసింది. తర్వాత రైలు నడిపే ఉద్యోగానికి అర్జీ పెట్టాడు, అక్కడ డాక్టర్ల దగ్గర ఒక పుస్తకం ఉంటుంది, రంగురంగుల చుక్కల్లో అంకెలు దాచి ఉంటాయి, అలాంటి పుస్తకం ఎవరి కాళ్ళో పట్టుకుని సంపాదించి, మొదటి పేజీలో పన్నెండు, రెండో పేజీలో ఎనిమిది అని రాత్రింబవళ్ళు వాడి చేత వల్లె వేయించింది. డాక్టరు పుస్తకాన్ని వెనకనుంచి తెరిచాడు. ఇంటికొచ్చి ఎత్తు చాలలేదన్నారమ్మా అన్నాడు, అయిదడుగుల పదంగుళాల మనిషి, అమ్మ నమ్మింది, ఎత్తు గురించి ఆ ఆఫీసును నాలుగు రోజులు తిట్టింది.

అలాంటివాడు ఊలు దుకాణం ఎందుకు పెట్టాడు అంటే అక్క ఉందని పెట్టాడు. ఎవరైనా వింటే నవ్వుతారు, గుడ్డివాడు అద్దాల కొట్టు పెట్టాడంటారు, కానీ పదహారేళ్ళు ఎవరికీ అనుమానం రానివ్వలేదు ఇద్దరూ. సైకిల్ షాపు మీద అద్దెగదిలో మొదలుపెట్టినప్పుడు వాడు ఉండను ఎత్తి పట్టుకుని ఒక్క క్షణం ఆగేవాడు, ఏమీ అడిగేవాడు కాదు, తను ఏదో పనిలో ఉన్నట్టే, ఆ దానిమ్మ ఇటు పెట్టరా, ఆ తేనెరంగు కింది అరలో సర్దు అనేది, అంతే, వాడి ఫోటోల కింద సరైన పేరు పడేది. రంగుల పేర్లన్నీ తనే పెట్టింది. మీ పేర్లు చదివితేనే కొనాలనిపిస్తుందండీ అని రాసేవాళ్ళు. ఆ తర్వాత బాణాలాయన వచ్చాడు, ప్రతి ఉండకూ గీతల ముద్ర వేయించాడు, యంత్రం గీతల మీద ఎర్రదీపం వేస్తే కూతపెట్టి పేరు చెబుతుంది, ఇక తమ్ముడు ఉండ ఎత్తి ఆగనక్కర లేకపోయింది. మొదటి రోజు వాడు హాలంతా తిరిగి కనబడినదానికల్లా ఆ దీపం చూపించి కూతపెట్టించాడు, కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా. తనకు ఆ రోజు తలనొప్పి వచ్చి తొందరగా ఇంటికి వెళ్ళిపోయింది. తలనొప్పే. ఆ కూతలకు ఎవరికైనా తలనొప్పి వస్తుంది.

లాట్లు కలపొద్దని తను ఆరు నెలలుగా చెబుతూనే ఉంది. ఇంట్లో చెప్పింది, ఫోన్లో చెప్పింది, మెట్ల మీద నిలబెట్టి చెప్పింది. ఒకరోజు వాడు విసిగిపోయి, నీకు తప్ప ఇంకెవరికీ కనిపించని తేడా కోసం దుకాణం ముంచమంటావా అక్కా అన్నాడు. ఇంకెవరికీ! ఒరే నాయనా, అందరికీ కనిపిస్తుందిరా, కనిపించనిది నీ ఒక్కడికే అని ఒక్క మాట అంటే అయిపోయేది. నాలిక చివరిదాకా వచ్చింది. మింగలేక కక్కలేక నిలబడింది, మేడమెట్ల మీద, కూరగాయల సంచి పట్టుకుని, వాడి మొహంలోకి చూస్తే ఆరేళ్ళ తుప్పుగాడు కనబడ్డాడు, నీ ఇష్టంరా అనేసి దిగి వచ్చేసింది. నీ ఇష్టంరా అన్న మాటకు ఇవాళ్టికి నూట నలభై డబ్బాలు కలిసిపోయాయి. ఆకాశనీలం, ఆవపువ్వు, నేరేడు, పొగరంగు, వరసగా. ఎవరిని తిట్టాలి? బాణాలాయన్ని తిట్టడం తేలిక, ఆయన బూట్ల సంచుల్ని చూస్తేనే తిట్టాలనిపిస్తుంది. కానీ కందకు లేని దురద కత్తిపీటకెందుకు, దుకాణం వాడిది, కళ్ళు వాడివి, తనెందుకు ఇంత కుతకుతలాడాలి, వెళ్ళిపోవచ్చుగా, మోకాళ్ళు నొప్పులంటే ఎవరూ ఆపరు. ఆపరు, అదే కదా. వెళతానంటే ఇప్పుడు ఎవరూ ఆపరు.

చపచపమంటూ బూట్లు వచ్చాయి. బూట్ల పైనుంచి బాణాలాయన గొంతు, ఎప్పటిలాగే హుషారుగా, ఏదో కనిపెట్టినవాడి గొంతు. "అక్కగారూ, లిఫ్టు కోసం ఆగడమెందుకండీ? డబ్బాలు పట్టవు గానీ ఉండలు పడతాయి కదా ఈ సందులో. మీరు ఒక్కొక్కటీ అందించండి, మావాళ్ళు అందుకుంటారు. నాలుగింటికల్లా పూర్తయిపోతుంది." ఏడు నెలల్లో ఈయన చెప్పిన మొదటి పనికొచ్చే సంగతి ఇదే, అది కూడా తన గొంతుకే వచ్చింది. తన చేత్తో. దాచిన చేత్తోనే, నలభై ఆరుసార్లు. సందు ముందు కాళ్ళు గుమిగూడాయి, టేపు పిన్నివి, పూసలు తూచే ఆమెవి, పెట్టెలు కట్టే ఇద్దరివి, ఒకరి వెనక ఒకరు, అందరివీ. ఆమె ఒక ఉండ తీసింది. పట్టీ మీద నంబరు బొటనవేలితో తుడిచింది. మళ్ళీ డబ్బాలో పెట్టింది. ఇంకోటి తీసింది. పైన ఎవరో గొంతు సవరించుకున్నారు. నాకు నడుము పట్టేసిందని చెబితే? బల్బు వెలుతురు చాలడం లేదంటే? పిల్ల సాకులు, వయసొచ్చాక పనికిరావు.

అప్పుడు తమ్ముడి పాదాలు ముందుకు వచ్చాయి. గొంతుక్కూచున్నాడు, మోకాళ్ళు కనిపించాయి, మోకాళ్ళ మీద చేతులు, ఒక చేతిలో పెద్ద తొట్టెలోంచి తీసిన ఉండ, కొత్త పట్టీ చుట్టినది. "అక్కా," అన్నాడు, అందరికీ వినబడేలా, అందరికీ వినబడాలనే. "ఆరు నెలలుగా ఇదే గొడవ. ఇవాళ అందరి ముందూ తేలిపోనీ. ఇది తొట్టెలోది. నీ దగ్గరున్నది నీ 417. రెండూ పక్కపక్కన పెట్టి చూసి చెప్పు. రెండూ దానిమ్మే కదా? ఒకటే కదా?" ఉండ సందులోంచి కిందికి జారింది, ఆమె పట్టుకుంది. తొట్టెలోది 420 అయి ఉంటుంది, గులాబీ మీదికి పోయిన దానిమ్మ. 417 ఇటుక మీదికి పోయిన దానిమ్మ. ఈ దిక్కుమాలిన బల్బు కింద కూడా అక్కాచెల్లెళ్ళలా కాదు, ఇరుగుపొరుగుల్లా ఉన్నాయి. ఒకటేరా అంటే అయిపోతుంది. వాడు లేచి చేతులు దులుపుకుంటాడు, చూశారా, అక్క కూడా ఒప్పుకుంది అంటాడు, పైన అందరూ ఊపిరి పీల్చుకుంటారు, తుప్పు అన్నవాడెవడూ ఉండడు. నలభై ఏళ్ళుగా చేస్తున్న పనే, ఒక్క మాట. కానీ నర్సమ్మ ఎడమచెయ్యి గుర్తొచ్చింది, నాలుగు నెలలు పది నిమిషాలు పది నిమిషాలుగా అల్లిన చెయ్యి, ఆ చేతికి కూడా తనే ఒకటేరా అని ముద్ర వేయాలా?

"ఒకటి కాదురా," అంది.

"ఎంత తేడా?"

"ఎవరికైనా కనిపించేంత."

అన్నాక తెలిసింది ఏమందో. వాడి మోకాళ్ళ మీద చేతులు అలాగే ఉన్నాయి, వేళ్ళు మాత్రం ముడుచుకున్నాయి, ఆ వేళ్ళనే చూస్తూ, అన్న మాటను మింగగలిగితే బాగుండుననుకుంది ఆమె. టేపు పిన్ని గొంతు ముందు వచ్చింది, మెల్లగా, "అవును సార్, తేడా తెలుస్తూనే ఉంది." తర్వాత పూసలామె, మొదటి రోజు నుంచీ తెలుస్తోంది సార్, ఆకాశనీలం అయితే మరీనూ. తర్వాత ఇంకెవరో. తమ్ముడు తల తిప్పినట్టున్నాడు, "మీకు?" అన్నాడు, బూట్లనుద్దేశించి. బూట్లు ఒకసారి చపచపమన్నాయి. "అంటే... కొద్దిగా కనిపిస్తుంది సార్. కానీ సార్ చూసే నిర్ణయం తీసుకున్నారు కదా, సార్‌కి ఆ మాత్రం తేడా పర్వాలేదనుకున్నామండీ." పన్నెండు మంది. పన్నెండు జతల కళ్ళు ఆరు నెలలు చూస్తూ పట్టీలు చింపి, చూస్తూ గుమ్మరించి, చూస్తూ టీ తాగాయి. లిఫ్టులో అక్కకు ఎవరి మీద ముందు అరవాలో తెలియలేదు.

"అందరూ వెళ్ళి టీ తాగి రండి," అన్నాడు తమ్ముడు. పాదాలు ఒకటొకటిగా వెళ్ళిపోయాయి, బూట్లు ఆఖరున. హాలు ఖాళీ అయిన చప్పుడు విని వాడు నేలమీద బోర్లా పడుకున్నాడు, నలభై ఆరేళ్ళ యజమాని, ఇస్త్రీ చొక్కాతో, బుగ్గ నేలకు ఆనించి, సందులోంచి మొహం కనిపించింది. చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు, కళ్ళ కింద సంచులు. వాడికి కోపం వచ్చి ఉంటుందనుకుంది, రాలేదు, వచ్చి ఉంటే బాగుండేది. "వాళ్ళకి తెలిసిపోయిందా అక్కా?" "తెలియలేదనుకుంటా. ఆలోచిస్తే తెలుస్తుంది." "తెలియనీలే," అన్నాడు. కింద వీధిలో ఏదో బండి వెనక్కి వస్తూ కూతపెడుతోంది. "నిజంగా తేడా ఉంటే ఎవరో ఒకరు అంటారనుకున్నాను. పన్నెండు మందిలో ఒక్కడైనా అనడా అని. రోజూ చూశాను వాళ్ళ మొహాలు. ఎవరూ అనలేదు. నువ్వొక్కదానివే అన్నావు."

"మరి నేనన్నది చాలలేదా నీకు?"

వాడు నేలమీద గోటితో గీశాడు. "నీకు నేను అడగడం మానేశానని కష్టంగా ఉందనుకున్నాను. అందుకే లేని తేడా చూపిస్తున్నావనుకున్నాను. నన్ను వదలడం ఇష్టం లేక."

ఛీ, అదేం మాటరా, నేనలాంటిదాన్నా అనొచ్చు. ఎంత తేలిక. వాడి కోసం చెప్పిన అబద్ధాల లెక్కలో ఇదొకటి, కాకపోతే ఇది వాడి కోసం కాదు. చేతుల్లో రెండు ఉండలూ ఇంకా అలాగే ఉన్నాయి, ఎంత గట్టిగా పట్టుకుందో వేళ్ళు నొప్పిపెట్టాక తెలిసింది, తేడా ఉంది, కళ్ళ ముందుంది, ఆ మాటలో అబద్ధమేమీ లేదు. మొదటి కూత విన్న రోజు వచ్చిన తలనొప్పి కూడా అబద్ధం కాదు. ఆమె వాడి మొహంలోకి చూసింది, ఈ సందులోంచి తప్ప ఈ మధ్య ఇంత దగ్గరగా చూడలేదు.

"అదీ ఉందిరా," అంది.